బెల్టు ముందు నిలబడే అర్హత ఎవరిది?

హెవీవెయిట్ చాంపియన్‌కు ప్రత్యర్థిని ఎలా ఎంచుతారు, ఎంచాలి అంటూ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: ర్యాంకింగ్ జాబితాలో మొదటి 15 మందిలో ఉన్న ప్రతి బాక్సరూ చాంపియన్‌తో తలపడటానికి తగినవాడేనా?

కాదు. ఆ జాబితా గేటు లాంటిది. లోపలికి రానిస్తుందే తప్ప సత్తాకు హామీ ఇవ్వదు. ప్రపంచ టైటిళ్లు ఇచ్చే డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అనే నాలుగు సంస్థలూ మామూలుగా తమ తమ జాబితాల్లో మొదటి 15 స్థానాల్లో ఉన్నవాడితోనే టైటిల్ పోరుకు అనుమతిస్తాయి. పైగా ఒక సంస్థ చాంపియన్‌ను మిగతా సంస్థలు తమ జాబితాలో చేర్చవు. నలుగురు వేర్వేరు చాంపియన్లు ఉన్న రోజుల్లో ఒక జాబితాలో నంబర్ వన్ అంటే అసలు లెక్కలో ఐదోవాడే కావచ్చు, పదోవాడైనా కావచ్చు.

2019లో టైసన్ ఫ్యూరీ వరుసగా తలపడిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. జూన్‌లో టామ్ ష్వార్జ్. 24 పోరాటాల్లో ఓటమి లేదు, డబ్ల్యూబీవో జాబితాలో రెండో స్థానం. రెండో రౌండులోనే పని అయిపోయింది. మూడు నెలలకు ఒట్టో వాలిన్. 20 పోరాటాల్లో ఓటమి లేదు, బయట పెద్దగా పేరూ లేదు. కానీ అతను ఎడమచేతి వాటం, పొడగరి, స్ట్రెయిట్ లెఫ్ట్ సూటిగా వదలగలవాడు. మూడో రౌండులోనే ఫ్యూరీ కుడి కంటిపై లోతైన గాయం చేశాడు. 12 రౌండ్లు ముగిశాక ఆ గాయాలకు 47 కుట్లు పడ్డాయి. గెలిచింది ఫ్యూరీయే అయినా, రిఫరీయో డాక్టరో ఆపేసి ఉంటే కథ వేరుగా ఉండేది. రికార్డు చూస్తే ఇద్దరూ అజేయులే. తేడా ఎదుటివాడికి తెచ్చిపెట్టగలిగే ఇబ్బందిలో ఉంది.

అందుకే మేం ఏ పేరు వచ్చినా నాలుగు విషయాలు అడుగుతాం. ఎవరిని ఓడించాడు? ఎంత కాలం కిందట? ఎన్ని రౌండ్లు ఆడి ఓడించాడు? ఈ చాంపియన్‌కు మాత్రమే ఇబ్బంది కలిగించే లక్షణం ఏదైనా ఉందా? చివరి ప్రశ్ననే చాలామంది మర్చిపోతారు. ‘మంచి బాక్సర్’, ‘ఈ చాంపియన్‌కు మంచి ప్రత్యర్థి’ అన్నవి రెండు వేర్వేరు సంగతులు.

ప్రశ్న: 30 పోరాటాలు, 30 విజయాలు, అందులో 28 నాకౌట్లు. ఇలాంటి రికార్డు ఉన్నవాడిని అనుమానించడం అన్యాయం కాదా?

అనుమానించమని కాదు, విప్పి చూడమని మా మాట. కొత్తగా ప్రొఫెషనల్ అయిన హెవీవెయిట్ మొదటి పది, పన్నెండు పోరాటాలు బలహీనులతో ఆడటంలో తప్పేమీ లేదు. అక్కడే అతను నాలుగు రౌండ్ల నుంచి ఆరుకూ, ఆరు నుంచి ఎనిమిదికీ ఎదుగుతాడు. ఓటములు ఎక్కువగా ఉన్నా, ఒళ్లు కాచుకోవడం తెలిసిన జర్నీమ్యాన్లు ఆ దశలో మంచి గురువులు. సమస్య 20 పోరాటాలు దాటాక కూడా అలాంటివారే ఎదురవుతుంటే మొదలవుతుంది.

విప్పి చూడటం ఇలా. చివరి ఎనిమిది మంది ప్రత్యర్థులను రాసుకోండి. ప్రతి ఒక్కరికీ, మన బాక్సర్‌తో ఆడిన రోజు నాటికి, అంతకు ముందు ఐదు పోరాటాల ఫలితాలు చూడండి. ఈ రోజు నాటివి కాదు, ఆ రోజు నాటివి. ఐదింటిలో మూడు ఓడినవాడిపై విజయానికి విలువ తక్కువ. తర్వాత ప్రత్యర్థుల బరువు చూడండి. హెవీవెయిట్ అంటే 200 పౌండ్లు, అంటే 90.7 కిలోలు దాటినవారికి. కింది విభాగం నుంచి పది కిలోలు కొవ్వు పెంచుకుని పైకొచ్చినవాడిని పడగొట్టడం నిజమైన హెవీవెయిట్‌ను పడగొట్టడం కాదు. ఆ తర్వాత వయసు, వారు రింగ్‌కు దూరంగా ఉన్న నెలలు. చివరగా, మన బాక్సర్ ఎనిమిదో రౌండు దాటి ఎన్నిసార్లు ఆడాడో లెక్కపెట్టండి.

ఇక్కడ నిజాయితీగా ఒక మినహాయింపు చెప్పాలి. డియాంటే వైల్డర్ 32 పోరాటాల్లో 32 నాకౌట్లతో టైటిల్ పోరుకు వచ్చాడు. ఒక్కటి కూడా నాలుగో రౌండు దాటలేదు. కాగితం మీద చూస్తే అది బోలు రికార్డే. 2015 జనవరిలో బెర్మేన్ స్టివర్న్‌పై 12 రౌండ్లూ జాబ్‌తో (ముందు చేత్తో వేసే సూటి పంచ్) ఆడి, పాయింట్లపై డబ్ల్యూబీసీ బెల్టు గెలిచాడు. అంటే బోలు రికార్డు బాక్సర్ బోలు అని రుజువు చేయదు. అతని గురించి మనకు ఇంకా ఏమీ తెలియదని మాత్రమే చెబుతుంది. తెలియనివాడిని చాలెంజర్‌గా నిలబెట్టే ముందు ఒక గట్టివాడితో ఎలిమినేటర్ (చాలెంజర్ ఎవరో తేల్చే పోరు) ఆడించడం సరైన మార్గం.

ప్రశ్న: వీడియోల్లో ఏం చూడాలి? నాకౌట్ల ముక్కలు చూస్తే అందరూ గొప్పగానే కనిపిస్తారు.

ముక్కలు వదిలేయండి. పూర్తి పోరాటాలు మూడు చూడండి. ఒకటి సునాయాసంగా గెలిచింది, ఒకటి కష్టపడి గెలిచింది, వీలైతే ఒకటి ఓడింది. మొదటి రౌండులో అతను వేసిన జాబ్‌లు లెక్కపెట్టి, ఏడో రౌండులో మళ్లీ లెక్కపెట్టండి. సగానికి పడిపోతే 12 రౌండ్ల పోరుకు ఊపిరి చాలదన్నమాట. దెబ్బ తిన్న వెంటనే ఏం చేస్తున్నాడో చూడండి. పట్టుకుంటాడా, వెనక్కి నేరుగా పరిగెడతాడా, పక్కకు తప్పుకుంటాడా? నేరుగా వెనక్కి పోయేవాడు గట్టి పంచ్ ఉన్న చాంపియన్ ముందు ఎక్కువసేపు నిలవడు. రౌండ్ల మధ్య స్టూల్ మీద కూర్చున్నప్పుడు నోటితో ఊపిరి పీలుస్తున్నాడా అన్నది కూడా నోట్ చేసుకోండి. కడుపుపై దెబ్బలు పడిన రౌండు తర్వాత అది ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: ‘మాండేటరీ’ అంటే ఏమిటి? చాంపియన్ తనకు నచ్చినవాడితో ఎందుకు ఆడకూడదు?

ఆడవచ్చు. దాన్ని వాలంటరీ డిఫెన్స్ అంటారు. కానీ గడువు లోపల ఒకసారి సంస్థ చూపించినవాడితో ఆడి తీరాలి. అతనే మాండేటరీ చాలెంజర్. ఐబీఎఫ్ లెక్కలో గడువు తొమ్మిది నెలలు, డబ్ల్యూబీసీ లెక్కలో మామూలుగా ఏడాది. ఒకరి చేతిలోనే మూడు, నాలుగు బెల్టులు ఉన్నప్పుడు ఏ సంస్థ వంతు ముందు, ఏది తర్వాత అని వరుస వేస్తారు. ఆ వరుసలో చివర ఉన్న సంస్థ నంబర్ వన్ రెండేళ్లు ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు.

ఇరుపక్షాల ప్రమోటర్లు డబ్బు దగ్గర ఒప్పందానికి రాకపోతే పర్స్ బిడ్ పెడతారు. ఎవరు ఎక్కువ మొత్తం రాసి ఇస్తే పోరాటం నిర్వహించే హక్కు వారిది. ఆ మొత్తాన్ని సంస్థ చెప్పిన నిష్పత్తిలో ఇద్దరు బాక్సర్లకూ పంచాలి. 2022 జనవరిలో టైసన్ ఫ్యూరీ, డిలియన్ వైట్‌ల పోరాటానికి ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ 4,10,25,000 డాలర్లు రాసి గెలిచారు. అందులో పది శాతం, అంటే 41,02,500 డాలర్లు, గెలిచినవాడికి బోనస్‌గా పక్కన పెట్టారు. మిగిలిన దానిలో 80 శాతం ఫ్యూరీకి, అంటే 2,95,38,000. ఇరవై శాతం వైట్‌కు, అంటే 73,84,500. ఆ ఏడాది ఏప్రిల్ 23న వెంబ్లీ స్టేడియంలో ఆరో రౌండులో ఒక్క అప్పర్‌కట్‌తో (కింది నుంచి పైకి లేపి కొట్టే పంచ్) ఫ్యూరీ ముగించాడు, బోనస్ కూడా అతనిదే.

వైట్ విషయంలో మాకు నిజంగా బాధ కలిగించేది అతని నిరీక్షణ. డబ్ల్యూబీసీ జాబితాలో ఏళ్ల తరబడి పైనే ఉన్నాడు, పిలుపు రాలేదు. వేచి ఉండే బాక్సర్‌కు రెండు దారులే ఉంటాయి. ఖాళీగా కూర్చుంటే తుప్పు పడతాడు, ఆడితే ఓడే ప్రమాదం. వైట్ ఆడాడు. 2020 ఆగస్టులో అలెగ్జాండర్ పొవెట్కిన్ చేతిలో ఐదో రౌండులో పడిపోయాడు. 2021 మార్చిలో జిబ్రాల్టర్‌లో నాలుగో రౌండులో బదులు తీర్చుకుని మళ్లీ వరుసలోకి వచ్చాడు. ఫ్యూరీ ముందు నిలబడేసరికి పదును తగ్గిపోయింది. గడువు నియమం సరిగ్గా అమలైతే చాలెంజర్ తన మంచి దశలో ఉండగానే రింగ్‌లోకి వస్తాడు. చూసేవారికి కూడా అదే న్యాయం.

ప్రశ్న: అయితే మాండేటరీ చాలెంజర్ ఎప్పుడూ వాలంటరీ కంటే గట్టివాడేనా?

అదీ కాదు. 2017లో వైల్డర్‌తో తలపడాల్సిన లూయిస్ ఓర్టిజ్ డోప్ పరీక్షలో దొరికాడు. మాండేటరీ హోదాలో స్టివర్న్‌ను తెచ్చారు. అతను అంతకు ముందు రింగ్‌లో దిగింది 2015 నవంబరులో. రెండేళ్లు గ్లవ్స్ తొడగనివాడు, బరువు 254 పౌండ్లు దాటి వచ్చాడు. మొదటి రౌండులోనే మూడుసార్లు పడ్డాడు. హోదా ఉంది, సత్తా లేదు. ఓర్టిజ్ తర్వాత 2018 మార్చిలో వచ్చి, ఏడో రౌండులో వైల్డర్‌ను కాళ్ల మీద తూలేలా చేసి, చివరికి పదో రౌండులో ఓడాడు. మాకు చాలెంజర్ అంటే అతను. కానీ డోప్ పరీక్షలో దొరికిన చరిత్ర ఉన్నవాడిని ఎంచేటప్పుడు శిక్షణ క్యాంపు మొదటి రోజు నుంచే ముందస్తు సమాచారం లేని పరీక్షలు ఒప్పందంలో రాయించుకోవాలి, అతని చోటికి మరో పేరు కూడా సిద్ధంగా పెట్టుకోవాలి.

మొదటి నాలుగైదు స్థానాల్లో ఉన్న ఇద్దరికి ఎలిమినేటర్ పెట్టి మాండేటరీని తేల్చడమే ఉత్తమం. ఖాళీ బెల్టు కోసం పెట్టిన పోరాటాలు కూడా కొన్నిసార్లు ఏమీ తేల్చవు. 2016 జనవరిలో చార్లెస్ మార్టిన్‌కు ఐబీఎఫ్ బెల్టు దక్కింది, ఎదుటి వ్యాచెస్లావ్ గ్లాజ్‌కోవ్ మూడో రౌండులో మోకాలు దెబ్బతిని ఆగిపోవడంతో. మూడు నెలలు తిరగకుండానే ఆంథొనీ జాషువా రెండో రౌండులో మార్టిన్‌ను పడగొట్టాడు.

ప్రశ్న: చాంపియన్లు బెల్టునే వదిలేసుకుంటారెందుకు? అది భయమేనా?

కొన్నిసార్లు భయం, ఎక్కువసార్లు డబ్బు లెక్క, అప్పుడప్పుడు సంస్థల మొండితనం. మూడింటినీ ఒకే గాట కట్టకూడదు.

1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ కేవలం ఏడు ప్రొఫెషనల్ పోరాటాల అనుభవంతో మహమ్మద్ అలీని ఓడించాడు. డబ్ల్యూబీసీ కెన్ నార్టన్‌తో ఆడమంది. స్పింక్స్ అలీతో రీమ్యాచ్‌కే మొగ్గాడు. డబ్ల్యూబీసీ అతని బెల్టు తీసేసి, 1977 నవంబరులో జిమ్మీ యంగ్‌పై ఎలిమినేటర్ గెలిచిన నార్టన్‌కు కట్టబెట్టింది. నార్టన్ తొలి డిఫెన్స్‌లోనే, 1978 జూన్ 9న, లారీ హోమ్స్ చేతిలో స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు) ఓడాడు. స్పింక్స్ డబ్బు వైపు పోయాడు, మాకు అందులో పిరికితనం కనిపించదు.

1992 డిసెంబరు సంగతి వేరు. లెనాక్స్ లూయిస్ అక్టోబరు 31న డోనొవన్ రుడాక్‌ను రెండో రౌండులో పడగొట్టి అర్హత సంపాదించుకున్నాడు. చాంపియన్ రిడిక్ బోవ్ లండన్‌లో విలేకరుల ముందు డబ్ల్యూబీసీ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. ఆ ఇద్దరూ ప్రొఫెషనల్స్‌గా ఎన్నడూ తలపడలేదు. ఒక తరం అభిమానులకు దక్కాల్సిన పోరాటం అలా పోయింది.

2015 నవంబరు చివర్లో వ్లాదిమిర్ క్లిచ్కోను ఓడించిన ఫ్యూరీ నుంచి ఐబీఎఫ్ రెండు వారాలు తిరగకుండానే బెల్టు తీసేసింది, క్లిచ్కోతో రీమ్యాచ్ ఒప్పందం ఉన్నందుకు. 2024లో ఒలెక్సాండర్ ఉసిక్ కూడా, ఫ్యూరీతో రెండో పోరు ఒప్పందంలో ఉండగా, ఐబీఎఫ్ బెల్టు వదిలేయాల్సి వచ్చింది. ప్రపంచంలో ఒకటి, రెండు స్థానాల్లో ఉన్నవారు తలపడుతుంటే మాండేటరీ ఆరు నెలలు ఆగడం తప్పు కాదని మా అభిప్రాయం. ఆగినందుకు అతనికి స్టెప్-అసైడ్ డబ్బు ఇవ్వడం ఈ ఆటలో ఉన్న ఆచారమే.

ప్రశ్న: ఓడినవాడిని మళ్లీ చాలెంజర్‌గా తెస్తే ‘వీడా మళ్లీ!’ అనిపిస్తుంది. ఓటమి ఉంటే అర్హత పోయినట్టేనా?

ఓటమి తర్వాత ఏం చేశాడన్నదే ప్రశ్న. డేనియల్ డుబ్వా 2023 ఆగస్టులో ఉసిక్ చేతిలో తొమ్మిదో రౌండులో ఓడాడు. ఆ తర్వాత తొమ్మిది నెలల వ్యవధిలో మూడు పోరాటాలు. 2023 డిసెంబరులో జారెల్ మిల్లర్‌ను పదో రౌండులో, 2024 జూన్‌లో ఫిలిప్ హర్గోవిచ్‌ను ఎనిమిదో రౌండులో, సెప్టెంబరులో జాషువాను ఐదో రౌండులో ముగించాడు. ముగ్గురూ మూడు రకాల బాక్సర్లు. 2025 జూలైలో ఉసిక్ ముందు మళ్లీ నిలబడినప్పుడు ఐదో రౌండులో మళ్లీ ఓడాడు, కానీ ఆ చోటును అతను సంపాదించుకున్నాడు. ఫలితం బట్టి ఎంపికను తప్పుబట్టకూడదు.

దీనికి ఎదురుగా 2022 డిసెంబరులో ఫ్యూరీ మూడోసారి డెరెక్ చిసోరాతో ఆడటం. 2011లో, 2014లో ఇద్దరి మధ్యా తేలిపోయిన విషయమే. చిసోరా ఉసిక్ చేతిలో ఒకసారి, జోసెఫ్ పార్కర్ చేతిలో రెండుసార్లు వరుసగా ఓడి, కుబ్రాత్ పులెవ్‌పై ఒక స్ప్లిట్ డెసిషన్ మాత్రమే గెలిచి వచ్చాడు. పదో రౌండు వరకు అతను తిన్న దెబ్బలు చూడటం మాకు కష్టమనిపించింది. ఆ రాత్రి తేలాల్సిన కొత్త ప్రశ్న ఏదీ లేదు.

ప్రశ్న: తేలికైన ప్రత్యర్థిని ఎంచుకున్నా చాంపియన్లు ఓడిపోతుంటారు కదా. అది అదృష్టమా?

అదృష్టం అనుకునేవాటిలో చాలావరకు ముందే కాగితం మీద కనిపించేవే. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో మైక్ టైసన్‌ను పదో రౌండులో పడగొట్టిన బస్టర్ డగ్లస్‌పై పందెం ధర 42కు 1. కానీ అతని చివరి ఏడాది చూడండి. 1989లో మాజీ చాంపియన్ ట్రెవర్ బెర్బిక్‌నూ, తర్వాతి రోజుల్లో చాంపియన్ అయిన ఆలివర్ మెకాల్‌నూ పాయింట్లపై ఓడించాడు. ఇద్దరితోనూ పూర్తి రౌండ్లు ఆడి గెలిచాడు. చేతుల పొడవు 83 అంగుళాలు, టైసన్‌ది 71. పన్నెండు అంగుళాల తేడా ఉన్నవాడు జాబ్ వేస్తూ వెనక్కి తగ్గకుండా నిలబడితే, లోపలికి దూకి ఆడే టైసన్‌కు ప్రతి అడుగూ ఖరీదే. డగ్లస్‌కు అంతకు ముందు నాలుగు ఓటములు ఉండటం జనం కళ్లకు గంత కట్టింది.

2019 జూన్‌లో ఆండీ రూయిజ్ కథా ఇదే. జాషువాతో ఆడాల్సిన మిల్లర్ డోప్ పరీక్షల్లో దొరికాడు. రూయిజ్ పొట్ట చూసి నవ్వారు. అతని 33 పోరాటాల్లో ఒకే ఒక్క ఓటమి, అదీ 2016లో పార్కర్‌తో మెజారిటీ డెసిషన్ (ఇద్దరు జడ్జీలు పార్కర్‌వైపు, ఒకరు సమానమని). అన్నిటికంటే ముఖ్యం, ఏప్రిల్ 20నే అతను ఒక పోరాటం గెలిచాడు. అంటే ఆరు వారాల కిందటే పూర్తి క్యాంపు చేసినవాడు. జాషువా భారీగా ముందుకు తోసుకొచ్చే మిల్లర్ కోసం సిద్ధమై, పొట్టిగా ఉండి మెరుపులా కాంబినేషన్లు వేసేవాడి ముందు నిలబడ్డాడు. ఏడో రౌండుకల్లా నాలుగుసార్లు పడ్డాడు.

ఆఖరి నిమిషంలో మారిన ప్రత్యర్థి ప్రమాదకారి అవునా కాదా అన్నది అతని ఒంటి స్థితి బట్టి తెలుస్తుంది. 2003 జూన్‌లో లెనాక్స్ లూయిస్‌కు, ఆడాల్సిన కిర్క్ జాన్సన్ గాయపడటంతో, రెండు వారాల ముందు విటాలీ క్లిచ్కో దొరికాడు. అతను అదే రాత్రి అండర్‌కార్డ్‌లో (ప్రధాన పోరుకు ముందు జరిగే పోరాటాలు) ఆడటానికి సిద్ధమవుతున్నవాడే. విటాలీ గాయం వల్ల ఆరో రౌండు తర్వాత పోరు ఆపేసేసరికి ముగ్గురు జడ్జీల స్కోరు కార్డులపైనా అతనే 4–2తో ముందున్నాడు. దానికి భిన్నంగా 2025 ఫిబ్రవరిలో పార్కర్ ముందు రెండు రోజుల నోటీసుతో దిగిన మార్టిన్ బకోలే. డుబ్వా అనారోగ్యంతో తప్పుకోవడంతో వచ్చాడు. సత్తా ఉన్నవాడే, కానీ క్యాంపు లేదు, బరువు 300 పౌండ్లు దాటింది. రెండో రౌండులో ముగిసింది. అందుకే పెద్ద కార్డు వేసే ప్రమోటర్ అదే రాత్రి ఒక నిజమైన హెవీవెయిట్‌ను, ఎనిమిది నుంచి పన్నెండు వారాల పూర్తి క్యాంపుతో, అండర్‌కార్డ్‌లో సిద్ధంగా ఉంచాలి.

ప్రశ్న: కింది బరువు నుంచి వచ్చినవారినీ, వేరే ఆట నుంచి వచ్చినవారినీ ఎలా తూచాలి?

రెండూ వేర్వేరు. హెవీవెయిట్‌కు కింది విభాగమైన క్రూజర్‌వెయిట్ నుంచి వచ్చినవాడికి బాక్సింగ్ వచ్చు, తెలియనిది పెద్ద ఒంటి బరువును 12 రౌండ్లు భుజాన మోయగలడా అన్నది. ఇవాండర్ హోలీఫీల్డ్ 1988లో పైకొచ్చి, ఆరుగురు హెవీవెయిట్లను ఓడించాకే 1990 అక్టోబరులో డగ్లస్ ముందు నిలిచాడు. ఉసిక్ రెండు పోరాటాలు మాత్రమే ఆడి 2021లో జాషువా దగ్గరికొచ్చి గెలిచాడు. కానీ అందులో ఒకటి, చిసోరాతో 12 రౌండ్లు మీదపడి తోసుకునే పోరు, సరిగ్గా అడగాల్సిన పరీక్షే.

వేరే ఆట నుంచి వచ్చినవాడికి టైటిల్ పోరు ఇవ్వకూడదన్నది మా గట్టి అభిప్రాయం. 2023 అక్టోబరులో ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ ఎన్‌గానూ ఫ్యూరీని మూడో రౌండులో పడగొట్టి, స్ప్లిట్ డెసిషన్‌లో ఓడాడు. డబ్ల్యూబీసీ అతనికి పదో ర్యాంకు ఇచ్చేసింది. ఐదు నెలల్లో జాషువా రెండో రౌండులో అతన్ని స్పృహ తప్పేలా కొట్టాడు. ఒక్క రాత్రి ప్రదర్శన ర్యాంకు కాకూడదు. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1957లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్ తన బెల్టును ఒలింపిక్ బాక్సింగ్ విజేత పీట్ రాడమాకర్ ముందు పెట్టాడు, అది రాడమాకర్‌కు మొట్టమొదటి ప్రొఫెషనల్ పోరాటం. రెండో రౌండులో ప్యాటర్సన్ పడి లేచి, ఆరో రౌండులో గెలిచాడు. అసలు చాలెంజర్ సానీ లిస్టన్ 1962 దాకా ఎదురు చూడాల్సి వచ్చింది. వచ్చాక మొదటి రౌండులోనే ముగించాడు.

ప్రశ్న: ఏ ర్యాంకింగ్‌ను నమ్మాలి?

ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మవద్దు. 2001లో డబ్ల్యూబీవో సూపర్ మిడిల్‌వెయిట్ జాబితాలో డారిన్ మోరిస్ అనే బాక్సర్ చనిపోయిన తర్వాత కూడా పైకి ఎక్కాడు. ఐబీఎఫ్ వ్యవస్థాపక అధ్యక్షుడు బాబ్ లీపై ర్యాంకింగులకు లంచం తీసుకున్నారన్న కేసు నడిచి, 2000లో మనీ లాండరింగ్, పన్ను ఎగవేత నేరాలు రుజువయ్యాయి. పత్రికల జాబితాలకూ మచ్చ ఉంది. 1977లో అమెరికాలో టీవీ కోసం పెట్టిన టోర్నీకి ‘ద రింగ్’ పత్రిక ర్యాంకులే ఆధారం. కొందరి రికార్డుల్లో జరగని విజయాలు చేరాయని బయటపడి ఏబీసీ టీవీ ప్రసారం ఆపేసింది.

2000లో అమెరికా చేసిన మహమ్మద్ అలీ చట్టం ప్రకారం, మొదటి పది మందిలో ఒకరి ర్యాంకు మారితే ఏడు రోజుల్లోగా సంస్థ కారణం ప్రకటించాలి. ఆ కారణం చదవండి. అదే ఎక్కువ చెబుతుంది. టైటిల్ పోరాటాల నుంచి ఫీజు తీసుకోని ట్రాన్స్‌నేషనల్ బాక్సింగ్ ర్యాంకింగ్స్ బోర్డు జాబితాను పక్కన పెట్టుకుని నాలుగు సంస్థల జాబితాలతో పోల్చండి. ఒక పేరు ఒకే ఒక్క సంస్థలో మూడో స్థానంలో ఉండి మిగతా ఎక్కడా లేకపోతే, అతను ఆ సంస్థ చిన్న బెల్టు ఏదైనా ఆడాడేమో చూడండి. ప్రాంతీయ బెల్టులకు ఫీజు వస్తుంది, ఫీజుతో పాటు ర్యాంకూ వస్తుంది.

ప్రశ్న: మా మిత్రులం ఏటా ఐదుగురు చాలెంజర్ల జాబితా వేసుకుని వాదించుకుంటాం. మార్కులు వేసే పద్ధతి ఏదైనా చెబుతారా?

మేం వాడేది వంద మార్కుల పద్ధతి. గత 24 నెలల్లో ఓడించినవారి స్థాయికి 40. ఆ పోరాటాలు ఎంత దగ్గరివి అన్నదానికి 20, ఏడాది పైగా రింగ్‌లో దిగకపోతే ఇక్కడ సున్నా. ఎనిమిదో రౌండు దాటి ఆడి గెలిచిన అనుభవానికి 15. ఈ చాంపియన్ శైలికి ఇబ్బంది పెట్టే లక్షణానికి 15. గాయాలు, డోప్ చరిత్ర, బరువు అదుపుకు 10. అరవై దాటనివాడిని జాబితాలో రాయవద్దు.

పార్కర్‌తో పరీక్షించి చూడండి. 2023 డిసెంబరులో వైల్డర్‌ను, 2024 మార్చిలో జాంగ్ జిలేను పాయింట్లపై ఓడించాడు, ఆ తర్వాత బకోలే. 2025 వేసవిలో ఈ పద్ధతిలో అతనికి 85 దాకా వచ్చేవి. అతను ఊరికే ఎదురు చూడకుండా అక్టోబరు 25న లండన్‌లో ఫాబియో వార్డ్లీతో ఆడి, పదకొండో రౌండులో ఓడాడు. మరుసటి రోజు ఉదయమే జాబితాలో పై పేరు కొట్టేసి వార్డ్లీ పేరు రాయాల్సి వచ్చింది. కాబట్టి పెన్సిల్‌తో రాసుకోండి, మూడు నెలలకొకసారి తిరిగి లెక్కవేయండి. లెక్క తిరగేసిన ప్రతిసారీ ముందు చూడాల్సింది కొత్త పేర్లను కాదు, పాత ఐదుగురిలో చివరి పోరాటం ఎవరిది ఎన్నాళ్ల కిందటిదో ఆ తేదీలను.